ఎడమకాలి పావుకోడు

గురుపౌర్ణమికి ముందు రోజు పొద్దున త్రింబకరావు లిమయే పెట్టుకున్న పని చాలా చిన్నది. భార్య పూజలో ఉంచుకున్న గురువుగారి పావుకోళ్ళను కృష్ణ ఒడ్డుకు తీసుకువెళ్ళి, కడిగి, తుడిచి, ఇంటికి తెచ్చుకోవాలి. ఆ తర్వాత అటుకులు తాలింపు వేసుకుని తినాలి. రెండు పావుకోళ్ళనూ నీళ్ళలో ముంచి, చింతపండుతో రుద్ది, ఒక బంతిపువ్వు పెట్టి, మరో పువ్వు కోసం సంచి వైపు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఎడమకాలిది లేదు.

చెక్క నీళ్ళమీద తేలుతుందని ఆయనకు తెలియక కాదు. ఉద్యోగమంతా చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర కూర్చుని చెరకు బళ్ళు తూచిన మనిషి. బండి గేటు దగ్గర ఉండగానే బరువు ఎంతో చెప్పగలడని పేరు. ఆషాఢంలో పొంగిన కృష్ణకు ఒక పావుకోడు ఏపాటి బరువో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. నెత్తిన బంతిపువ్వు చెదరకుండా, ఊరేగింపుకు బయల్దేరిన పెద్దమనిషిలా, అది నింపాదిగా నడిమికి జరిగి, మలుపు తిరిగి, కనుమరుగైపోయింది.

పక్క మెట్టుమీద గిన్నెలు తోముకుంటున్న పొరుగింటి ఇందూ తలెత్తింది. "కాకా, ఏదో కొట్టుకుపోతున్నట్టుందే?"

"పువ్వు" అన్నాడు త్రింబకరావు. అందులో సగం నిజం ఉంది. మిగిలిన సగాన్ని మింగేసి, సంచి సర్దుకున్నాడు.

ఇంటికి వచ్చి, తలుపు గడియ వేసి, కుడికాలి పావుకోడును పీటమీద పెట్టి చూశాడు. పక్కన ఖాళీ. పూజ పళ్ళెంలో పొద్దున తను తీసి పక్కన పడేసిన ఎర్ర నూలు తాడు కనిపించింది. అది అలంకారానికనుకున్నాడు. ఇప్పుడు విప్పి చూస్తే తాడుకు ఒక కొసన రెండు ఉచ్చులు, రెండో కొసన గాజుల చేతికి సరిపోయే ముడి. వత్సల ప్రతి ఏడూ పావుకోళ్ళ రెండు గుబ్బలకూ ఉచ్చులు తగిలించి, ముడి మణికట్టుకు వేసుకుని, ఆ తర్వాతే నీళ్ళలో దిగేదన్నమాట. ఆ సంగతి ఆమె చెప్పలేదు. ఈయన అడగలేదు. ఆమె పోయింది మొన్న చైత్రంలోనే, అందుకని ఏదైనా ఆమెనే అడిగే అలవాటు ఇంకా పోలేదు. "వత్సలా, ఈ తాడు..." అని వంటింటి వైపు తిరిగి, అక్కడే ఆగిపోయాడు.

ఆసుపత్రిలో ఆమె అడిగినవి రెండే. గురుపౌర్ణమినాడు గురువుగారు అంతర్కర్ బువా వచ్చినప్పుడు పావుకోళ్ళు ఆయన ముందు పెట్టాలి. పెట్టి, "ఆ రోజు మా వంటింటికి వచ్చినందుకు వత్సల మీకు దణ్ణం పెట్టుకుంటోంది" అని చెప్పాలి. "మీరే చెప్పాలి, మీ నోటితో. ఇందూతో చెప్పించకండి. ఫ్యాక్టరీలో పనుందని వెళ్ళిపోకండి" అని కూడా అంది. ప్రతి గురుపౌర్ణమికీ ఆయన ఫ్యాక్టరీలో పనుందనే చెప్పేవాడు. ఆషాఢంలో చెరకు ఆడరు, కాటాకు పని ఉండదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, వత్సలకు ఇంకా బాగా తెలుసు. అయినా ఆమె ఏటా భోజనం డబ్బా సర్ది చేతికిచ్చేది.

ఆయన పారిపోవడానికి కారణం భయం. అంతర్కర్ బువా కోపం సంగతి ఆ చుట్టుపక్కల ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. వెండి కంచం తెచ్చి ముందుపెట్టిన మిల్లు యజమానిని కంచంతో సహా గుమ్మం దాటించాడు. మొక్కుతూ పక్కవాడితో మాట్లాడుతున్న తహసీల్దారు వైపు ఒకసారి చూస్తే, ఆ మనిషి తనంతట తనే బదిలీ పెట్టించుకున్నాడని చెప్పుకునేవారు. అలాంటి బువా, వత్సల పూజగదిలో కూర్చున్నప్పుడు మాత్రం తన పాత పావుకోళ్ళ వంక కన్నార్పకుండా చాలాసేపు చూస్తూ ఉండిపోయేవాడట. అది ఒక విధమైన ధ్యానమని వత్సల నమ్మకం. రేపు ఆ చూపు ఒకే పావుకోడు మీద పడి, అక్కణ్ణుంచి లేచి తనమీద పడుతుంది. ఆ తలపుకే త్రింబకరావు పీట ముందునుంచి లేచిపోయాడు. అటుకుల సంగతి మరిచిపోయాడు.

కుడికాలి పావుకోడును చేతిసంచిలో పెట్టుకుని, ఒడ్డు వెంబడి వెతకడానికి దగడూ ఆటో ఎక్కాడు. దగడూ ఆ వీధిలో అందరి సంగతులూ తెలిసినవాడు. తెలియనివి అడిగి తెలుసుకునేవాడు. నది పక్కనే నెమ్మదిగా పోనీయమంటే ఎందుకన్నాడు. చెప్పు కొట్టుకుపోయిందన్నాడు త్రింబకరావు.

"చెప్పు కోసం ఆటో కట్టించుకున్నవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నా, కాకా" అన్నాడు దగడూ. "ఈపాటికి అది కర్ణాటక దారి పట్టుంటుంది. అక్కడా ఆగకపోతే తెలుగువాళ్ళ చేతికి చిక్కుతుంది. వాళ్ళు తిరిగి పంపరు."

"మీ కాకూది" అన్నాడు త్రింబకరావు. వీధి మొత్తానికి ఆయన కాకా, వత్సల కాకూ.

దగడూ వేళాకోళం ఆపేశాడు. తల బయటికి పెట్టి, తనే ఒడ్డంతా కళ్ళతో గాలిస్తూ నడిపాడు. అబద్ధం చెప్పినందుకు కాక, అది ఇంత బాగా పనిచేసినందుకు త్రింబకరావుకు భయం ఇంకొంచెం పెరిగింది.

కోరేవాడి అనే ఊరి దగ్గర రోడ్డుమీద జనం అడ్డం వచ్చారు. శంఖం వినిపిస్తోంది. రేవులో మేడిచెట్టు కింద ఆ ఊరి దత్తాత్రేయుడి గుడి ఉంది. గుడి అంటే నాలుగు రాళ్ళూ ఒక రేకూ. ఇవాళ దానిచుట్టూ అరటిపిలకలు కట్టేశారు. ఆడవాళ్ళు హారతి పాట అందుకున్నారు. త్రింబకరావు జనం భుజాల మధ్యనుంచి తొంగిచూశాడు. దత్తుడి ముందు, కొత్త పసుపుగుడ్డ మీద, నిండా గంధం పూసుకుని, పొద్దున పోయిన ఎడమకాలి పావుకోడు కూర్చుని ఉంది. బంతిపువ్వు ఇంకా అలాగే ఉంది.

అక్కడ పెద్దరికం చేస్తున్న సోపాన్ పాటిల్ వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. పై ఊళ్ళకు గురువులున్నారు, మఠాలున్నాయి, కోరేవాడికి ఏదీ లేదు. ఏ గురుమహారాజూ ఈ రోడ్డుమీద ఆగిన పాపాన పోలేదు. అందుకని గురుపౌర్ణమి రేపనగా గురువే నీళ్ళమీద నడిచి వచ్చాడు. ఒక అడుగు వేసి ఆగాడు. పావుకోడు మెట్టుకు తగలగానే పొద్దుటి నుంచి పెరుగుతున్న నీళ్ళు ఒక మెట్టు దిగాయి. పైన ఆనకట్ట తలుపులు దించి ఉంటారని త్రింబకరావుకు తోచింది. కానీ ఆ మాట అనడానికి అది చోటు కాదు. కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆయన సోపాన్‌ను కాస్త పక్కకు పిలిచాడు. చెమట తుడుచుకుంటూ, గొంతు తగ్గించి, అది తమ ఇంటిదని చెప్పాడు. సోపాన్ మొహంలో నవ్వు పోయింది. రుజువేమిటన్నాడు. గంధం కింద చూడమన్నాడు త్రింబకరావు. గుబ్బ ఊడిపోతే రాగి తీగ చుట్టి బిగించారు, మూడు వరసలు.

సోపాన్ వెళ్ళి వేలితో గంధం తుడిచాడు. తీగ బయటపడింది. వెనక్కి తిరిగి చూసినప్పుడు అతని కళ్ళలో ఉన్నది కోపం కాదు. అంతకన్నా ప్రమాదకరమైనది.

"గంధం మాటున ఉన్నదాన్ని చూడకుండా చెప్పాడు" అన్నాడు జనంతో.

చెప్పడంలో లోపం జరిగిందని త్రింబకరావు గ్రహించాడు. ఇక మాటలు పనికిరావు, వస్తువే చూపించాలనుకున్నాడు. కాటా దగ్గర ఆయన పద్ధతి ఎప్పుడూ అదే. ఎవడైనా వాదానికి వస్తే మారు మాట్లాడకుండా బండిని మళ్ళీ కాటా ఎక్కించేవాడు. సంచిలో చెయ్యి పెట్టి కుడికాలి పావుకోడు తీసి, అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకున్నాడు.

శంఖం ఆగిపోయింది. పాట ఆగిపోయింది. కాసేపు కృష్ణ చప్పుడు ఒక్కటే వినిపించింది. ఈ నిశ్శబ్దం తర్వాత తన్నులే అని ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాళ్ళమీద ఏదో పడింది. కర్ర అనుకున్నాడు. తెరిచి చూస్తే ఒక ముసలావిడ తల.

"రెండో అడుగు" అంటోంది ఆవిడ, ఏడుస్తూ. "రెండో అడుగు తెచ్చిచ్చావు నాయనా."

ఆ తర్వాత జరిగింది ఆయనకు వరసగా గుర్తులేదు. ఎవరో పావుకోడు అందుకున్నారు. ఎవరో మెడలో దండ వేశారు. పీటమీద కూర్చోబెట్టి కాళ్ళు కడిగారు. కాళ్ళు వెనక్కి లాక్కుంటే వినయమన్నారు, ఊరుకుంటే దయ అన్నారు. తను చక్కెర ఫ్యాక్టరీలో కాటా గుమాస్తానని చెబితే, సోపాన్ పాటిల్ జనం వైపు తిరిగి, ఎవరి పాపం ఎంతో తూచేవాడట అని అర్థం చెప్పాడు. చివరికి ఒక కొబ్బరికాయ చేతిలో పెట్టి, మేళంతో ఆటో దాకా సాగనంపారు. దగడూ హ్యాండిలు వదిలి దిగి తనూ ఒకసారి కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"నీకు తెలుసు కదరా నేనెవరో" అన్నాడు త్రింబకరావు.

"ఇందాకటిదాకా తెలుసు" అన్నాడు దగడూ. "చెప్పు అన్నారేమిటి కాకా, అపచారం కాదూ? నేను కూడా దాన్ని చెప్పు అనేశాను. నాకేమీ కాకుండా చూడండి."

పొద్దున ఒకటి పోయింది. మధ్యాహ్నానికి రెండూ పోయాయి. ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు ఇందూ, ఆమె వెనక వీధిలోవాళ్ళు కొందరు, చేతుల్లో పూలతో నిలబడి ఉన్నారు. ఆటో కన్నా వార్త ముందే వచ్చేసింది. పువ్వు అని ఎందుకు దాచారని ఇందూ నిష్ఠూరపడింది. కాకూ పోయాక కాకా మారిపోయారని తను ముందే అనుకుందట. త్రింబకరావు తలుపు వేసుకుని లోపల కూర్చున్నాడు. బయట అది మౌనవ్రతమని తేల్చారు.

ఆయన లోపల చేసింది వ్రతం కాదు. ఖాళీ పీట ముందు కూర్చుని, ఏం చెప్పాలో సాధన చేశాడు. బువా, పావుకోళ్ళు కడుగుతుంటే. బువా, ఒక పొరపాటు. వత్సల ఎదురుగా గోడమీద, పూలదండలో, ఫొటోలో ఉంది. ఫొటో తీయించుకున్న రోజు ఆమెకు నవ్వొచ్చి ఆపుకుంది, అది తెలుస్తోంది. అన్నిటికన్నా ఆ మొహం వైపు చూడటమే కష్టమైంది. ఆమె ఆయన్ని ఒక పని అడగడం అరుదు. అడిగిన రెండింటిలో ఒకదాన్ని ఆయన నదిలో వదిలేసి వచ్చాడు.

మర్నాడు పొద్దున బువా రాలేదు. ఏటా పొద్దున హారతి వేళకే వచ్చే మనిషి. ముందుగదిలో చేరిన పది పన్నెండు మంది గడియారం చూసుకున్నారు. తెలిసిపోయిందని త్రింబకరావు అనుకున్నాడు. తెలిసి, రానని కూర్చున్నాడు. లేదా తెలిసి, వస్తున్నాడు. రెండింటిలో ఏది ఎక్కువ భయమో ఆయన తూచలేకపోయాడు. మధ్యాహ్నం దాటాక జనం ఒకరొకరే భోజనాలకు వెళ్ళిపోయారు. వాన మొదలైంది.

వాన జోరుమీద ఉండగా గేటు చప్పుడైంది. తలమీద యూరియా సంచి కప్పుకున్న ఒక ముసలాయన, ధోవతి మోకాళ్ళ దాకా బురదతో, తడిసి ముద్దై గుమ్మంలో నిలబడ్డాడు. కాళ్ళకు ఏమీ లేవు. అది అంతర్కర్ బువా అని గుర్తుపట్టడానికి త్రింబకరావుకు కొంచెంసేపు పట్టింది. పట్టాక, గుమ్మంలోనే కూలబడి, సాధన చేసినవన్నీ మరిచిపోయి, ఉన్నదున్నట్టు మొదట్నుంచీ చెప్పేశాడు. తాడు సంగతి చెప్పాడు. పువ్వు అన్న సంగతి, చెప్పు అన్న సంగతి చెప్పాడు. కాళ్ళు కడిగించుకున్న సంగతి కూడా దాచలేదు. చెప్పి, తల వంచుకుని ఎదురుచూశాడు.

"తువ్వాలు ఏదైనా ఉందా?" అన్నాడు బువా.

తువ్వాలు తెచ్చిచ్చాక తల తుడుచుకుంటూ, దారిలో కోరేవాడిలో ఆగానన్నాడు. జనం మూలంగా కారు కదల్లేదు. దిగి అడిగితే, నీళ్ళమీద పావుకోళ్ళు వచ్చాయన్నారు. చూద్దామని ముందుకెళ్ళబోతే ఒక కుర్రాడు రెక్క పట్టుకుని తీసుకెళ్ళి వరస చివర నిలబెట్టాడు.

"నిలబడ్డారా?" అన్నాడు త్రింబకరావు నమ్మలేక.

"పొద్దుటి నుంచీ నిలబడ్డాను. నా పావుకోళ్ళను నేను చూసుకోవడానికి, వానలో, యూరియా సంచి కప్పుకుని. చివరికి ముందుకొచ్చి చెయ్యి చాపితే, ఏయ్ తాతా, ముట్టుకోకు, దూరంనించి మొక్కు అన్నారు."

"అవి మీవని చెప్పాల్సింది."

"చెప్పబోయాను. వెనకాల ఒకావిడ, ఎవరి వంతు వాళ్ళదే, కదులు కదులు అని వీపులో పొడిచింది. బయటికొచ్చి చూసుకుంటే వదిలిన చెప్పులు లేవు. ఇంతలో జనం కారునే వెనక్కి పంపేశారు. ఈ ఇంటికి వస్తే నా కాళ్ళకు ఇదే రాత."

ఆ చివరి మాట త్రింబకరావుకు అర్థం కాలేదు. బువా పూజగది వైపు చూడలేదు. వంటింటి గడప దగ్గరకు నడిచి, దానిమీద చతికిలబడి కూర్చున్నాడు.

"వత్సల నీకు ఏం చెప్పిందో నాకు తెలీదు" అన్నాడు. "మీ పాప చనిపోయిన ఏడాది వచ్చాను. నువ్వు ఫ్యాక్టరీలో ఉన్నావు. ఆమె ఇక్కడ కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతోంది. నాకు చెప్పడానికి ఏమీ తోచలేదు. అప్పటిదాకా ఊరూరా తిరిగి మాట్లాడటమే నా పని, త్రింబకరావ్. ఇక్కడ కూర్చుని నేనూ ఏరాను. సాయంత్రం దాకా ఇద్దరం ఒక్క మాట అనుకోలేదు. ఊరుకోవడం నాకు ఆ రోజు వచ్చింది. ఆమె దగ్గర వచ్చింది."

త్రింబకరావు గోడకు ఆనుకున్నాడు.

"వెళ్ళేటప్పుడు వాన. మనసు మనసులో లేక పావుకోళ్ళు వేసుకోవడం మరిచిపోయి, వట్టికాళ్ళతో వెళ్ళిపోయాను. వారం తర్వాత తీసుకుందామని వస్తే, వాటికి గంధం, పూలు. దీపం కూడా పెట్టింది. ఎలా అడగను?"

"మరిచిపోయారా? మీరు ఇచ్చారనుకుంది" అన్నాడు త్రింబకరావు. "మీరు ప్రతి ఏడూ వాటిని చూస్తూ..."

"చూస్తూనే ఉండేవాణ్ణి. నా కాళ్ళకు అంత బాగా అమరిన జత మళ్ళీ దొరకలేదు." బువా తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు. "ఇవాళ ఆ రాగి తీగ చూశాను. ఆమె చేత్తో చుట్టింది. అక్కడ తల వంచాను. ఇక్కడే ఆమె ముందు వంచుదామని ఏటా అనుకుని వచ్చేవాణ్ణి. నేను గడప దాటేసరికే ఆమె నా కాళ్ళమీద ఉండేది. గురువు అనిపించుకున్నవాడికి వంగడానికి చోటు దొరకదు. కోరేవాడివాళ్ళు ఇచ్చారు. ఆ పావుకోళ్ళు అక్కడే ఉండనీ."

ఆ తర్వాత బువా, ఆమె పోయేముందు తనతో చెప్పమని ఏమైనా చెప్పిందా అని అడిగాడు.

త్రింబకరావు చేతులు జోడించాడు. "ఆ రోజు మా వంటింటికి" అన్నాడు. మాట అక్కడ తెగింది. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి "ఆ రోజు" దగ్గరే ఆగిపోయింది. ఫ్యాక్టరీలో తను ఆ రోజు ఏ బళ్ళు తూచాడో గుర్తుచేసుకోబోయాడు. ఒక్కటీ గుర్తు రాలేదు.

బువా తొందరపెట్టలేదు. "బియ్యం ఎక్కడుంటాయి?" అన్నాడు.

"డబ్బాలో. కానీ ఇప్పటి బియ్యంలో రాళ్ళుండవు, బువా."

"వెతుకుదాం" అన్నాడు బువా.

చేటలో పోసుకుని, గడపకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. వాన వెలిశాక ఇందూ బొబ్బట్లు పట్టుకుని వచ్చి, తలుపు సందులోంచి ఆ దృశ్యం చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళి, లోపల పెద్ద అనుష్ఠానం జరుగుతోందని వీధికి చెప్పింది. రాళ్ళు దొరకలేదు. సాయంత్రం బువా లేచి, గుమ్మంలో ఉన్న త్రింబకరావు చెప్పులు తొడుక్కుని, కుడిది కాస్త బిగుతుగా ఉందని చెప్పి, వారంలో తిరిగి పంపుతానని వెళ్ళిపోయాడు.

పంపలేదు. త్రింబకరావు అడగలేదు. వత్సల చెప్పమన్న మాట కూడా ఇంకా చెప్పలేదు.